తెల్లబండి మీద నల్లగొట్టం

తప్పులుంటే మన్నించాలి. అక్షరాలు నా దగ్గరికి ఆలస్యంగా వచ్చాయి. ఒత్తు ఎక్కడ పెట్టాలో ఇప్పటికీ చెయ్యి తడబడుతుంది. ఒక పేజీ నిండేసరికి పొయ్యి మీది ఎసరు మరిగి సగం ఇంకిపోతుంది. కథ నాదే. కానీ "నేను, నేను" అని రాయబోతే సిగ్గేసి కలం ఆగిపోతోంది. అందుకని ఎవరో ఐసమ్మ గురించి చెబుతున్నట్టే చెప్పుకొస్తాను.

ఐసమ్మకు ఆ పేరు పెళ్లితో పాటు వచ్చింది. అత్తవారిది ఐసు వ్యాపారం. పెద్దకొడుకు ఐసు దిమ్మలు కోసేవాడు, చిన్నకొడుకు బండి నడిపేవాడు. పెద్దాయన భార్యగా ఆ ఇంట్లో కాలుపెట్టిన ఐసమ్మ, నెల తిరక్కుండానే కొక్కెం చేతపట్టింది. దిమ్మకు కొక్కెం తగిలించి ఒక్క గుంజు గుంజితే అది బండి అంచుకు వచ్చి నిలబడేది. చేపల బజారు, పళ్లరసాల కొట్లు, ఆసుపత్రి వంటగది, అన్నిచోట్లా ఆమెను ఐసమ్మ అనే పిలిచారు. అసలు పేరుతో పిలిచేవాళ్లు ఒక్కొక్కరే వెళ్లిపోయాక ఇక ఆ పేరే నిలిచిపోయింది.

ఆ ఇంట్లో వేడి అంటే దొంగ కిందే లెక్క. దాన్ని గడప దాటనిచ్చేవారు కాదు. బండికి తెల్లరంగు తప్ప ఇంకో రంగు పడలేదు. ఎక్కడ ఆపినా నీడ చూసుకుని ఆపాలి. నీడ జరిగితే బండీ జరగాలి. ఎండ ముదిరితే గోనెపట్టాలు తడిపి పైకప్పు మీద పరవాలి. ఇక బండి లోపలి ఐసుపెట్టె సంగతి చెప్పనే అక్కర్లేదు. అది పెద్దాయన తన చేతులతో చేసింది. రేకుపెట్టె లోపల ఇంకో రేకుపెట్టె దించి, రెండింటి మధ్యా రంపపుపొట్టు కూరి కూరి నింపాడు. మనిషి కాళ్లు ముడుచుకుని పడుకోగలిగినంత పెట్టె. దాని మూత వేలెడంత తెరిచి ఉన్నా సరే, ఆయన వీధి చివర ఉన్నా పసిగట్టేసేవాడు. "మూత వెయ్యండి, చల్లదనం పోతోంది" అని అక్కణ్నుంచే కేకేసేవాడు. ఇంట్లో పిల్లాడికి మొదట వచ్చిన ముక్క "అమ్మ" కాదు, "మూత" అని చిన్నకోడలు ఇప్పటికీ చెప్పి నవ్విస్తుంది.

పెట్టె అడుగున ఒక కన్నం, దానికి చిన్న గొట్టం ఉండేవి. కరిగిన నీళ్లు అందులోంచి దారి పొడుగునా చుక్కలు చుక్కలుగా కారేవి. ఆ తడిగీత చూసి బండి ఏ సందులోకి వెళ్లిందో జనం చెప్పేసేవారు.

తర్వాత కొట్టు కొట్టుకూ సొంత ఐసు యంత్రం వచ్చింది. అన్నదమ్ములిద్దరూ ఒకరి వెనక ఒకరు పోయారు. మిగిలింది తెల్లబండి, ఇద్దరు తోడికోడళ్లు. మొగుడు నడిపిన బండి షెడ్డులో తుప్పు పడుతుంటే చూస్తూ ఊరుకోవడం చిన్నకోడలి వల్ల కాలేదు. తల నెరిశాక స్టీరింగు పట్టి నేర్చుకుంది. లైసెన్సు చేతికొచ్చిన రోజునుంచీ వీధంతా ఆమెను డ్రైవరమ్మ అనడం మొదలుపెట్టింది. ఐసుపెట్టెలో బట్టలూ దుప్పట్లూ సర్దారు. దాని మీద పరుపు పరిచారు. చిన్న గ్యాసు పొయ్యి, రెండు తపేలాలు, నీళ్ల డబ్బాలు ఎక్కించారు. అలా బయల్దేరితే ఇద్దరికీ వయసు గుర్తుండేది కాదు. దారిలో ఎవరైనా ఎక్కడికమ్మా అని అడిగితే డ్రైవరమ్మ, "మా అక్కను పెళ్లిచూపులకు తీసుకెళ్తున్నా" అనేది. ఐసమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకునేది.

అలా సాగుతున్న రోజుల్లో, కిందటి చలికాలంలో, అన్నేళ్లు కొక్కెం గుంజిన కుడిభుజం కాస్తా పట్టేసింది. పొద్దున లేచేసరికి చెయ్యి కొయ్యలా ఉండేది. చెవి దాటి పైకి లేచేది కాదు. డాక్టరు చూసి, రోజూ ఉదయం వేణ్ణీళ్లు ధారగా భుజం మీద పడాలనీ, పడుతుండగానే చెయ్యి మెల్లగా పైకెత్తాలనీ, వరసగా కొన్నాళ్లు మానేస్తే మళ్లీ మొదటికొస్తుందనీ చెప్పాడు. ఇంట్లో గీజరు ఉంది, దాంతో కాస్త కాస్త నయమైంది. కానీ తల ముడి మాత్రం కొడుకు పెళ్లామే వేసేది. కోడలు మంచిదే, దువ్వెన నొప్పి తెలియకుండానే దువ్వేది. అయినా తన ముడి తాను వేసుకోలేని మనిషికి అద్దంలోకి చూడబుద్ధి కాదు.

కొడుకు ఇక ప్రయాణాలు చాలన్నాడు. రోడ్ల మీద వేణ్ణీళ్లు ఎక్కణ్నుంచి వస్తాయని అతని భయం. అందులో తప్పూ లేదు. ఈలోగా కూరగాయల వ్యాపారి ఒకాయన బండిని అడిగి వెళ్లాడు. అతనికి మాట ఇవ్వబోతున్నానని కొడుకు అన్నం దగ్గర చెప్పాడు.

"నీకు తిరగాలని ఉంటే కార్లో తిప్పుతానమ్మా. ఆ డబ్బాలో పడుకుని భుజం ఎందుకు పోగొట్టుకుంటావు?"

"ఆ డబ్బా మీద కూర్చునే ఎక్కాలు నేర్చావురా," అంది ఐసమ్మ.

"కాదన్నానా? వేణ్ణీళ్లు ఎలాగో చెప్పు, ఒప్పుకుంటాను."

పక్కనే కూర్చున్న డ్రైవరమ్మ, ఆ జవాబు బండిలో చూపిస్తాం, ఒక్కసారి వెళ్లిరానివ్వమంది. వాదన చాలాసేపు సాగింది. చివరికి ఒక ఒప్పందం కుదిరింది. కొండ కింద ప్రయాణికుల బళ్లు ఆపుకునే మైదానం ఒకటుంది, అక్కడ వారం ఉండొచ్చు. ఆఖరి ఉదయం కొడుకే వచ్చి చూస్తాడు. అమ్మ చెయ్యి ఇంట్లో ఉన్నప్పటికన్నా ఒక్క బెత్తెడు కిందికి దిగినా, బండి తాళం కూరగాయలాయనకు వెళ్లిపోతుంది. పక్క బళ్లవాళ్ల దగ్గర వేణ్ణీళ్లు అడిగి పోసుకుంటే లెక్కలోకి రాదు. ఆ మెలిక కోడలు పెట్టింది. అత్తగారి సంగతి ఆమెకు బాగా తెలుసు.

డ్రైవరమ్మ గొట్టాల కొట్టుకు వెళ్లి లావుపాటి ప్లాస్టిక్ గొట్టం తెచ్చింది. రెండు మూతులూ బిగించి, నీళ్లు పోయడానికి పైన ఒక కన్నం, కింద ఒక కుళాయి, కుళాయికి పొడవాటి రబ్బరు గొట్టం, దాని చివర చిల్లుల షవరు మూతి పెట్టించింది. అంతా నల్లరంగు పూయించి బండి పైకప్పు మీద ఈ చివర నుంచి ఆ చివరకు బిగించింది. ఎండకు నీళ్లు కాగుతాయి, పైసా ఖర్చుండదు, కొట్టువాడు గుండె మీద చెయ్యి వేసుకుని చెప్పాడంది. తెల్లబండి మీద నల్లగొట్టం పడుకుని ఉంటే, నుదుటికి కాటుక రాసినట్టు ఉందని వీధిలో ఆడవాళ్లు నవ్వారు. ఐసమ్మకు మాత్రం అది ముచ్చటగానే ఉంది.

మైదానం చేరేసరికి పొద్దు నడినెత్తికి వచ్చింది. అక్కడ అప్పటికే చాలా బళ్లున్నాయి. డ్రైవరమ్మ ఒక చుట్టు చుట్టి, గుబురు చెట్ల కింద చల్లటి చోటు చూసి బండి ఆపింది. అంత మంచి చోటు దొరికినందుకు ఇద్దరూ పొంగిపోయారు. గొట్టం నింపారు. సాయంత్రం కుళాయి తిప్పితే ఐసమ్మ చేతిలో పడ్డ నీళ్లు బావి నీళ్లకన్నా చల్లగా ఉన్నాయి. మొదటి రోజు కదా, ఇంకా కాగలేదేమో అనుకున్నారు.

మర్నాటి పొద్దున పళ్లు కొట్టుకునేంత చలి. ఐసమ్మ గ్యాసు పొయ్యి మీద తపేలా పెట్టింది. రెండో తపేలా మరిగేలోపు మొదటిది చల్లారింది. రెండూ కలిపి, చన్నీళ్లు పోసి తొరిపితే చెంబులతో పోసుకోవడానికి సరిపోయాయి గానీ ధారగా భుజం మీద పడటానికి సరిపోలేదు. పైగా వంట గ్యాసు అంతా స్నానానికే పోయేలా ఉంది. చెయ్యి చెవి దగ్గరే ఆగిపోయింది.

ఆ పూట ఐసమ్మ మైదానమంతా ఒక చుట్టు వేసింది. సంబంధం చూడటానికి వెళ్లినవాళ్లు ఇల్లంతా కలియజూసినట్టు, ఎవరెవరు నీళ్లు ఎలా కాచుకుంటున్నారో నిలబడి చూసింది. ఒక జంట పొలంలో మందు కొట్టే పంపులో వేణ్ణీళ్లు పోసి, గాలి కొట్టి, పిచికారీతో స్నానం చేస్తున్నారు. ఇంకొకాయన ఇంజను వేడికే నీళ్లు కాగేలా లోపల రాగిచుట్ట పెట్టించాడు, కానీ అది కాగాలంటే బండి నడవాలి. కట్టెల పొయ్యి పెట్టుకుందామంటే ఆ మైదానంలో మంట వేయకూడదని కాపలాదారు మొహమాటం లేకుండా చెప్పాడు. అందరికన్నా దర్జా పక్కబండి నర్సమ్మది. రిటైరయిన నర్సు. ఆమె బండికి గ్యాసు గీజరే ఉంది. ఐసమ్మ చెయ్యి పట్టేయడం దూరం నుంచే కనిపెట్టి, మా గీజరు దగ్గర పోసుకోండి, ఇందులో ఏముంది అంది.

ఐసమ్మకు నోరు ఊరినంత పనైంది. కానీ కోడలి మెలిక గుర్తొచ్చింది. "మాకూ ఉందమ్మా, పైన గొట్టం," అని చెప్పి వచ్చేసింది. ఉన్న మాటే చెప్పింది. అందులో నీళ్లు ఎలా ఉన్నాయో మాత్రం చెప్పలేదు.

రోజులు అలాగే గడిచాయి. పైన గొట్టం ఉంది, నింపుతూనే ఉన్నారు, నీళ్లు మాత్రం ఐసులా వస్తున్నాయి. డ్రైవరమ్మ కొట్టువాణ్ని రోజూ తిట్టింది. పోనీ రంగు సరిగా పడలేదేమో అనుకుని ఇంకో పూత కూడా వేసింది. ఐసమ్మ తపేలా నీళ్లతో నెట్టుకొచ్చింది. చెయ్యి దిగుతోందని ఆమెకు తెలుస్తూనే ఉంది. మొదట చెవి వరకు వచ్చేది, తర్వాత దవడ దాకా, ఆ తర్వాత అదీ కష్టమైంది. తోడికోడలికి చెప్పలేదు. చెబితే ఆ రోజే బండి వెనక్కి తిప్పుతుంది. తాను దువ్వుకోలేక, తల దువ్వుకోవడం మానేసి గుడ్డ చుట్టుకుంది. డ్రైవరమ్మ ఆ గుడ్డ వంక చూసి చూపు తిప్పుకుంది. ఆ తిప్పుకోవడంలోనే ఆమెకు తెలుసని ఐసమ్మకు అర్థమైంది.

వారం సగం గడిచాక ఒక మధ్యాహ్నం ఐసమ్మ గిన్నెలు కడుక్కుందామని మైదానం మధ్యనున్న కుళాయి వైపు వెళ్లింది. కాపలాదారు మొక్కలకు నీళ్లు పెట్టే గొట్టం గడ్డిలో వంకర్లు తిరిగి ఎండలో పడి ఉంది. అదే ఎత్తి దాని మూతి తిప్పింది. చెయ్యి చురుక్కుమంది. గిన్నె కింద పడింది. మళ్లీ నెమ్మదిగా చెయ్యి పెట్టి చూసింది. వేణ్ణీళ్లే. ఎవరో అటు చివర పొయ్యి పెట్టారనుకుని గొట్టం వెంట నడుచుకుంటూ కుళాయి వరకు వెళ్లింది. అక్కడ పొయ్యీ లేదు, నిప్పూ లేదు, ఎండలో ఒక కాకి మాత్రం ఉంది.

ఐసమ్మ వెనక్కి తిరిగి తమ బండి వైపు చూసింది.

గుబురు చెట్ల కింద, చిక్కటి నీడలో, తెల్లబండి హాయిగా నిలబడి ఉంది. దాని పైకప్పు నిండా గోనెపట్టాలు. జ్వరం వచ్చినవాడికి తడిగుడ్డ వేసినట్టు నీళ్లోడుతున్నాయి. డ్రైవరమ్మ నిచ్చెనెక్కి, మగ్గుతో ముంచి ముంచి ఇంకా పోస్తోంది. పెళ్లయినప్పటినుంచీ మధ్యాహ్నం కాగానే చేసే పని. ఎవరూ చెప్పక్కర్లేదు, చెయ్యే వెళ్లిపోతుంది.

ఐసమ్మ నిచ్చెన కిందికి వచ్చి నిలబడింది.

"ఏమే, ఏం చేస్తున్నావు?"

"కనపడ్డం లేదా? గోనెలు ఆరిపోయాయి, తడుపుతున్నా."

"వాటి కింద ఏముంది?"

"పైకప్పు."

"పైకప్పుకీ గోనెలకీ మధ్య?"

డ్రైవరమ్మ చేతిలో మగ్గు గాల్లోనే ఆగిపోయింది. "మన నల్లగొట్టం," అంది, ఎవరో చచ్చిపోయిన వార్త చెబుతున్నట్టు.

ఐసమ్మ మొదట కోప్పడదామనుకుంది. అంతలో నవ్వొచ్చింది. నవ్వుతూ నిచ్చెన పట్టుకుంది, నిచ్చెన ఊగింది, పైనున్నావిడ కూడా నవ్వడం మొదలుపెట్టింది. నర్సమ్మ ఏమైందోనని తలుపు తీసి చూసింది. ఇద్దరు ముసలివాళ్లు కళ్లు తుడుచుకుంటూ, నీళ్లు కాచుకుందామని వచ్చి ఇన్నాళ్లూ ఐసు తయారుచేస్తున్నామని చెబితే, ఆమెకు ముక్క అర్థం కాలేదు. అయినా వాళ్లతో పాటు నవ్వింది.

గోనెలు తీయడం తేలికే. బండిని నీడలోంచి బయటికి తీయడం మాత్రం అంత తేలిక కాలేదు. డ్రైవరమ్మ స్టీరింగు పట్టుకుని కూర్చుంది, బండి కదల్చదు. "మీ మరిది చూస్తే బతకనిస్తాడా అక్కా? ఎండలో ఆపానని ఒకసారి రెండ్రోజులు నాతో మాట్లాడలేదు," అంది. ఐసమ్మకు మాత్రం లేదా ఆ బెరుకు? పెద్దాయన కేక చెవిలో వినబడుతూనే ఉంది. కానీ భుజం కూడా తన మాట తాను చెబుతోంది. "నేను చెబుతున్నాను, పెట్టు. వాళ్లు అడిగితే నా పేరు చెప్పు," అంది.

బండి మైదానం నడిబొడ్డుకు వెళ్లి నిలబడింది. చుట్టూ ఎక్కడా చెట్టు నీడ లేదు. పెద్దల ముందు చెప్పులేసుకుని నిలబడినట్టు ఇద్దరికీ కాళ్లు నిలవలేదు. మాటిమాటికీ నీడ కోసం చూసి, గుర్తొచ్చి మానుకున్నారు.

సాయంత్రం కుళాయి తిప్పితే పొగలు రాలేదు గానీ, చెయ్యి పెట్టి ఉంచలేని వేడి. చన్నీళ్లు తొరిపి, బండి వెనక తలుపులు రెండూ తెరిచి మధ్య దుప్పటి కట్టి, ఐసమ్మ స్టూలు మీద కూర్చుంది. షవరు మూతి డ్రైవరమ్మ పైనుంచి పట్టుకుంది. ధార భుజం మీద పడింది. లోపలెక్కడో బిగుసుకున్న ముడి ఒకటి మెల్లగా సడలుతున్నట్టనిపించింది. చెయ్యి దవడ దాటింది, చెవి దాటింది. ఇంట్లో ఉన్నప్పటి ఎత్తుకు వచ్చింది. ఐసమ్మ చాలాసేపు అలాగే కూర్చుంది, నీళ్లు అయిపోయాయని డ్రైవరమ్మ చెప్పేదాకా.

మర్నాటినుంచి ప్రతి సాయంత్రం అదే పని. కానీ భుజం బిగుసుకునేది తెల్లవారుజామున. అప్పటికి నల్లగొట్టం మీద మంచు బిందువులు, లోపల గడ్డకట్టేంత చన్నీళ్లు. సాయంత్రం చెవి దాటిన చెయ్యి ఉదయం మళ్లీ దవడ దగ్గరే ఉండేది. కొడుకు వచ్చేదేమో ఉదయం. మనం సాయంత్రం రమ్మందామా అని డ్రైవరమ్మ అంది. చెప్పిన మాట మార్చడం ఐసమ్మకు ఇష్టం లేకపోయింది. ఉదయం అంటే ఉదయమే.

ఆఖరి మధ్యాహ్నం పరుపు మీద నడుం వాల్చింది. కింద ఐసుపెట్టె. దాని రేకు అంచును వేలితో తడుముతూ పడుకుంది. పెట్టె ఎలా ఐసును చల్లగా చేస్తుందని ఎవరో కొట్టాయన అడిగితే, పెద్దాయన నవ్వి చెప్పిన మాట గుర్తొచ్చింది. ఈ పెట్టె దేన్నీ చల్లబరచదయ్యా, లోపలికి ఎలా వచ్చిందో దాన్ని అలాగే ఉంచుతుంది, అంతే దీని పని, అన్నాడాయన.

ఐసమ్మ లేచి కూర్చుంది. పరుపు ఎత్తి నేల మీద వేసింది. పెట్టెలోంచి దుప్పట్లు, చీరలు, డ్రైవరమ్మ దాచుకున్న బిస్కెట్లు, అన్నీ బయటపెట్టింది. అలికిడికి వచ్చిన డ్రైవరమ్మ సంగతి విని గుమ్మంలోనే ఆగిపోయింది.

"బావగారి పెట్టెలో వేణ్ణీళ్లు పోస్తావా అక్కా?"

"పోస్తాను."

"పుట్టినప్పటినుంచీ చల్లదనం తప్ప ఎరగని పెట్టె అది. అతుకులు విడిపోతే?"

"ఆయన వేసిన అతుకులు," అంది ఐసమ్మ. "విడిపోతే పైకి వెళ్లాక నేను అడుగుతాను ఆయన్ని."

పొద్దు వాలకముందే, నీళ్లు బాగా కాగి ఉన్నప్పుడే, రబ్బరు గొట్టాన్ని కిటికీలోంచి లోపలికి పెట్టి నల్లగొట్టంలో ఉన్నదంతా పెట్టెలోకి వదిలారు. ఆ రోజుకు సాయంత్రపు స్నానం మానుకుంది. అడుగు కన్నానికి బిరడా గట్టిగా బిగించి, మూత వేసి, మూత మీద తమ దగ్గరున్న దుప్పట్లన్నీ కప్పి, ఆపైన పరుపు వేశారు. అతుకుల దగ్గర డ్రైవరమ్మ చెవి పెట్టి విన్నది. ఒక్క చుక్క కారలేదు. ఆ రాత్రి ఇద్దరి వీపులకూ కింద నుంచి వెచ్చదనం తగిలింది. అన్నేళ్లలో ఆ పెట్టె వాళ్లను వెచ్చగా ఉంచింది అదే మొదటిసారి. నిద్ర ఎప్పుడు పట్టిందో తెలియలేదు.

తెల్లారేసరికి మైదానమంతా మంచు. పక్కబండి కూడా కనబడటం లేదు. ఐసమ్మ చెయ్యి కొయ్యలా ఉంది. ఎడమచేత్తో పరుపు లాగి, దుప్పట్లు తీసి, మూత ఎత్తింది. ఇదివరకు ఆ మూత ఎత్తితే చల్లటి పొగ బరువుగా కిందికి జారేది, పాదాల మీద పడేది. ఇప్పుడు తెల్లటి ఆవిరి పైకి లేచి మొహానికి తగిలింది. వేలు ముంచి చూసింది. సాయంత్రం ఉన్నంత వేడి లేదు, కానీ వేణ్ణీళ్లే, ఎవరి ముందైనా ధైర్యంగా వేణ్ణీళ్లని చెప్పుకోగలిగిన నీళ్లు. తపేలాలో కాచిన నీళ్లు కూడా అందులో కలిపేసరికి సరిగ్గా ఒంటికి పట్టే వేడికి వచ్చాయి. చన్నీళ్లు తొరిపే అవసరం కూడా లేకపోయింది.

కన్నం గొట్టానికి షవరు మూతి తగిలించారు. ఐసు కరిగి కారిన దారినే వేణ్ణీళ్లు దిగాయి. బండి వెనక పొట్టి పీట మీద కూర్చుంటే ధార సరిగ్గా భుజం మీద పడింది, ఎవరూ పట్టుకోవాల్సిన పని లేకుండా. పెట్టెలో కావలసినన్ని నీళ్లు, తొందర లేదు. ఐసమ్మ కళ్లు మూసుకుని చెయ్యి ఎత్తింది. కాసేపు దించింది. మళ్లీ ఎత్తింది. దవడ, చెవి, నుదురు. అక్కడ కాసేపు ఆగింది. ఇంట్లో ఎప్పుడూ అక్కడే ఆగేది. ధార పడుతూనే ఉంది.

కొడుకు మోటారు సైకిలు మీద వచ్చాడు. గేటు దగ్గర దిగి చూస్తే మంచులో బళ్లన్నీ ఒక్కలాగే ఉన్నాయి. ఎటు వెళ్లాలో తోచక నిలబడితే, కాళ్ల దగ్గర మట్టి మీద సన్నటి తడిగీత ఒకటి పల్లానికి పారుతూ కనిపించింది. చిన్నప్పుడు బడి నుంచి వస్తూ నాన్న బండి ఎక్కడుందో అలాగే వెతుక్కునేవాడు. గీత వెంట నడిచాడు. గీత తెల్లబండి దగ్గర ఆగింది.

బండి వెనక అమ్మ పీట మీద కూర్చుని ఉంది. పొడి చీర కట్టుకుంది. రెండు చేతులూ తల వెనక ఉన్నాయి, జుట్టు మెలితిప్పి ముడి చుడుతోంది. పళ్ల మధ్య తలపిన్నులు ఉన్నాయి. కొడుకును చూసి నోరు తెరవలేక, కనుబొమ్మలెత్తి రమ్మంది. అతను రాలేదు. ఉన్నచోటే నిలబడి ఆ చేతుల వంక చూస్తూ ఉండిపోయాడు. ముడి కాస్త పక్కకు ఒరిగింది. అయినా అది ఆమె వేసుకున్న ముడి.

"ఏరా, మాట పోయిందా?" అంది డ్రైవరమ్మ.

అతను తేరుకుని, పక్క బళ్లవాళ్ల దగ్గర అడిగి పోసుకున్నారు కదా అని అడిగాడు. అడగమని పెళ్లాం మరీ మరీ చెప్పి పంపింది. డ్రైవరమ్మ అతని చెయ్యి పట్టి బండిలోకి ఈడ్చుకెళ్లింది. దారంతా చలిగాలికి ఆ చేతివేళ్లు నీలంగా అయిపోయాయి. ఐసుపెట్టె మూత బార్లా తెరిచి, "చూడు, మీ నాన్న గీజరు," అంది.

అతను వంగి చూశాడు. మోచేతి దాకా చెయ్యి ముంచాడు. వేళ్లలోకి రక్తం వస్తుంటే మొహం మారిపోయింది. డ్రైవరమ్మ నల్లగొట్టం సంగతి, గోనెల సంగతి, నిచ్చెన సంగతి చెప్పుకుపోతోంది, మూత ఒక చేత్తో అలాగే ఎత్తి పట్టుకుని.

"మూత వెయ్యి పిన్నీ," అన్నాడతను. "వేడి పోతోంది."

డ్రైవరమ్మ మూత వేసింది. బయట పీట మీద కూర్చున్న ఐసమ్మకు ఆ మాట వినబడింది. మాట తలకిందులైంది గానీ, గొంతు, ఆ విసుగు, ఆ కంగారు, అన్నీ పెద్దాయనవే. ఆమె ఇంకో పిన్ను ముడిలో గుచ్చుకుంది.

కాసేపటికి కొడుకు దుప్పటి చాటున పీట మీద కూర్చుని స్నానం చేస్తున్నాడు. నీళ్లు మిగల్చరా అని డ్రైవరమ్మ అరుస్తుంటే, పెట్టెలో ఇంకా ఉన్నాయిగా పిన్నీ అంటున్నాడు. అతని చొక్కా జేబులో ఫోను మోగింది. ఐసమ్మ తీసి, మెరుస్తున్న అక్షరాలను కూడబలుక్కుంటూ చదవసాగింది. కూ, ర, గా. అంతలో మోగడం ఆగిపోయింది. మళ్లీ మోగింది. అవతలాయనకు కూడా తొందరగానే ఉన్నట్టుంది.

"అమ్మా, కూరగాయలాయనే అయ్యుంటాడు," అన్నాడు కొడుకు దుప్పటి వెనక నుంచి. "ఏం చెప్పాలో నువ్వే చెప్పు."

ఐసమ్మ ఫోను కుడిచేత్తో పట్టుకుని కుడి చెవి దగ్గర పెట్టుకుంది.

"ఆ బండి ఖాళీ లేదు నాయనా," అంది. "మా అబ్బాయి స్నానం చేస్తున్నాడు."

ఇంతవరకు ఓపిగ్గా చదివినవారికి చెబుతున్నాను: అందరూ పిలిచే పేరు ఐసమ్మ, వయసు అరవై తొమ్మిది, ఉండేది కొడుకింటి వెనక గదిలో, బండి కదిలితే బండిలో. బండిని ఇప్పుడు ఎండలోనే పెడుతున్నాం.